అటకెక్కని బొమ్మ

సంక్రాంతి ముందు ఇల్లు దులిపేటప్పుడు అటక మీది అట్టపెట్టెలు కిందికి దించడం మా ఇంట్లో ఏటా ఉండే తంతు. అనంతపురంలో దుమ్ముకు కొదవ లేదు కాబట్టి ఆ పని ఎవరూ తప్పించుకోలేరు. ఈసారి దించిన వాటిలో రెండు పెట్టెల నిండా బొమ్మలే. రిమోట్ కార్లు అయిదు, వాటికి రిమోట్లు మూడు. పాట పాడే చిలుక ఒకటి, లోపల బ్యాటరీ కారిపోయి కడుపంతా చిలుము పట్టింది. చక్రాలు లేని బుల్‌డోజరు. నలభై ఎనిమిది రంగుల స్కెచ్ పెన్నుల డబ్బా, అందులో గీత పడేవి నాలుగు. వీటన్నిటి వెనక గోడకు ఆనుకుని నిటారుగా ఉన్నది నేను హైస్కూలులో ఉండగా నాన్న కొన్న క్యారమ్ బోర్డు. తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, పౌడరు చల్లాం. ఆ సాయంత్రమే ఆట మొదలైంది. ఇల్లు దులిపే పని మరునాటికి వాయిదా పడింది.

ఏడాదికి పది పన్నెండు పుట్టినరోజులకు బొమ్మలు కొనే మేనమామను నేను. నా చేతి మీదుగా ఎన్ని వందల రూపాయలు అటకెక్కాయో ఆ రోజు కళ్లారా చూశాను. తప్పు ఎక్కడ జరుగుతోందో అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను.

సుభాష్ రోడ్డులో ఏ దుకాణానికి వెళ్లినా మనం అడిగేది ఒకటే: "గట్టిగా ఉండేది చూపించండి." దుకాణదారు బొమ్మను బల్ల మీద రెండుసార్లు తట్టి "కింద పడినా ఏమీ కాదు సార్" అంటాడు. అతను అబద్ధమాడటం లేదు. మా అటక మీది కార్లలో మూడింటికి గీత కూడా పడలేదు. విరగకుండానే అవి పనికిరాకుండా పోయాయి. ఒకదానికి రిమోట్ పోయింది. మిగతా రెండూ ముందుకు వెళ్తాయి, వెనక్కి వస్తాయి, లైట్లు వెలుగుతాయి. మూడో రోజుకు వాటి దగ్గర చూడవలసింది అయిపోయింది. గట్టితనం అడిగితే గట్టితనమే దొరుకుతుంది. ఆట ఎన్నాళ్లు నడుస్తుందన్నది మనం అడగనూ లేదు, అతను చెప్పనూ లేదు.

వస్తువు విరగడం, ఒక ముక్క పోవడం, పిల్లలకు విసుగు పుట్టడం, బొమ్మ మూలపడటానికి కారణాలు సాధారణంగా ఇవే. మన ఇళ్లలో వీటికి తోడు ఇంకొకటి ఉంది. పెద్దవాళ్లు దాచేయడం. ఖరీదైన బొమ్మ వస్తే "ఇప్పుడిస్తే పాడుచేస్తాడు, కాస్త పెద్దయ్యాక ఇద్దాం" అని బీరువా మీదకు ఎక్కిస్తాం, లేదా హాల్లో షోకేసు అద్దం వెనక నిలబెడతాం. రెండేళ్ల తరువాత దించితే దానికి తగిన వయసు దాటిపోయి ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువ కాలం మన్నే బొమ్మలు షోకేసులోవే, అనుమానం లేదు. వాటితో ఎవరూ ఆడరు. కాబట్టి నా లెక్క మార్చుకున్నాను. వెయ్యి రూపాయల కారుతో పిల్లవాడు మొత్తం అయిదు గంటలు ఆడితే గంటకు రెండు వందలు పడినట్లు. రెండు వేల క్యారమ్ బోర్డు మీద నలుగురు మూడు వేసవి సెలవులు గడిపితే గంటకు పడేది చిల్లరే.

ముందు వస్తువు సంగతి. కర్ర బొమ్మలు మంచివన్న మాట ఇప్పుడు అందరి నోటా ఉంది. కర్రలన్నీ ఒకటి కావు. కొండపల్లి బొమ్మలను తెల్ల పొణికి కర్రతో చేస్తారు. అది చాలా తేలిక, చాలా మెత్తన. చేతులు, తలపాగాలు, కుండలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించి, పైన రంగు వేస్తారు. బొమ్మల కొలువులో ఆ అందమే వేరు. రెండేళ్ల పిల్ల చేతికిస్తే మాత్రం సాయంత్రానికి దశావతారాల్లో రెండు మూడు తగ్గుతాయి. అది బొమ్మ తప్పు కాదు, ఇచ్చినవాళ్ల తప్పు. ఏటికొప్పాక పద్ధతి వేరు. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ నున్నగా చేసి, తిరుగుతున్నప్పుడే రంగు కలిపిన లక్క కడ్డీని అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. అతుకులు తక్కువ, అంచులన్నీ గుండ్రం. గిలక్కాయలకు, బొంగరాలకు, తోసుకుంటూ నడిచే బండ్లకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఏటికొప్పాక మనకు రాష్ట్రం అవతలి కొస. బెంగళూరు దాటితే వచ్చే చెన్నపట్న బొమ్మలు అనంతపురం వాళ్లకు అంతకన్నా దగ్గర. అక్కడ వాడేదీ ఇదే అంకుడు జాతి చెట్టే, లక్క పూసే పద్ధతీ ఇదే. కొనేటప్పుడు నేను చూసేది ఒక్కటి: మేకులు, జిగురు లేకుండా ఎంత భాగం ఒకే ముక్కలోంచి వచ్చింది అని.

మన దగ్గర బొమ్మలే లేవా అంటే, ధర్మవరం పక్కన నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలకు పేరు మోసిన ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుతురు దూరేంత పలచగా శుభ్రం చేసి, చిన్న చిన్న చిల్లులతో నగలు, అంచులు చెక్కి, రంగులు అద్దుతారు. మనవాళ్లు దాన్ని లాంప్‌షేడుగానో, గోడకు పటంగానో కొంటారు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు చేతులు కదిలే చిన్న తోలుబొమ్మ ఒకటి, పాత తెల్ల పంచె ఒకటి, టార్చిలైటు ఒకటి ఇచ్చి చూడండి. కరెంటు పోయిన రాత్రి దాని విలువ తెలుస్తుంది. కీళ్లు దారంతో కట్టినవే కాబట్టి తెగితే సూదితో మళ్లీ కట్టుకోవచ్చు. నీళ్లు తగలకూడదు, ఎలుకలకు అందకూడదు. తోలు కదా.

ఇక ప్లాస్టిక్. దాన్ని తిట్టడం సులువు, నేనూ తిట్టాను. అయితే లోకంలో ఎక్కువ కాలం ఆడుకునే బొమ్మల్లో ఒకటి ప్లాస్టిక్‌దే. డెన్మార్కు లెగో సంస్థ ఒకదానికొకటి బిగిసే ఇప్పటి బొమ్మ ఇటుకకు 1958లో పేటెంటు పెట్టింది. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకకు అతుక్కుంటుంది. తాత పెట్టెలోని ముక్కలు మనవడి పెట్టెలో కలుస్తాయి. రహస్యం ప్లాస్టిక్ గట్టితనంలో కన్నా కొలత తప్పకపోవడంలో ఎక్కువ ఉంది. మన దగ్గర తక్కువ ధరకు దొరికే బ్లాకుల్లో చాలావాటికి ఈ కొలతే కుదరదు. కొన్ని వదులు, కొన్ని ఊడదీయాలంటే పళ్లు కావాలి. దుకాణంలో తెరిచిన నమూనా పెట్టె ఉంటే పది ముక్కలు ఒకదానిపై ఒకటి పేర్చి, పైదాన్ని పట్టుకుని లేపండి. కిందివి రాలకపోతే, మళ్లీ విడదీయడం పిల్లల వేళ్లకు చేతనైతే, కొనవచ్చు. ఎండ సంగతి కూడా మరవకూడదు. మనది వానలు తక్కువ, ఎండలు ఎక్కువ ఉన్న జిల్లా. మిద్దె మీద వదిలేసిన ప్లాస్టిక్ బ్యాటు, ఉయ్యాల ఒకటి రెండు వేసవులకే రంగు పోయి, పెళుసెక్కి, పట్టుకుంటే పుటుక్కున విరుగుతాయి. ఏ బొమ్మ అయినా రాత్రికి ఇంట్లోకి రావాలి.

భద్రత గుర్తుల దగ్గర గందరగోళం మరీ ఎక్కువ. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు ఉంటే చాలాకాలం మన్నుతుందని కొందరు అనుకుంటారు. పరీక్షల్లో బొమ్మను కింద పడేస్తారు, లాగుతారు, మెలిపెడతారు, నిజమే. అందులో చూసేది విరిగిందా లేదా అని కాదు. విరిగితే పదునైన అంచు, మింగగల ముక్క బయటపడుతున్నాయా అని. రంగుల్లోంచి సీసం, కాడ్మియం వంటి లోహాలు ఎంత దిగుతున్నాయో కూడా కొలుస్తారు. అంటే అది భద్రతకు గుర్తు, ఆయుష్షుకు కాదు. ఇంకో చిక్కు: హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మే వాటికి, ఫలానా ఊరి ప్రత్యేకతగా భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. ఏటికొప్పాక గిలక్కాయ మీద ఐఎస్ఐ కనబడలేదని కంగారు పడనక్కర్లేదు. గుర్తు లేని రంగురంగుల ప్లాస్టిక్ కీచుబొమ్మ సంగతి వేరు. కదిరి రథోత్సవంలో కొన్న పీకను పిల్లవాడు ఇంటికి వచ్చేదాకా ఊదుతాడు, మరునాడు అది పోతుంది. దానికి మన్నిక అడగడం అన్యాయం. పసిపిల్లల నోటికి వెళ్లేవి మాత్రం తిరునాళ్ల దుకాణంలో కొనను.

పెట్టె మీద "మూడేళ్లు దాటినవారికి" అని రాసి ఉంటే మన తల్లిదండ్రులు దాన్ని తెలివితేటల పరీక్షగా తీసుకుంటారు. "మావాడు చురుకు, రెండేళ్లకే ఆడతాడు" అంటారు. అది చురుకుదనానికి సంబంధించిన మాట కాదు, గొంతుకు సంబంధించినది. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల నుంచి వచ్చే ఏ ముక్క అయినా 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక గొట్టంలో పూర్తిగా ఇమిడిపోతే అది గొంతుకు అడ్డుపడగలదని లెక్క. మన పది రూపాయల నాణెం వెడల్పు 27 మిల్లీమీటర్లు. దానికన్నా కాస్త పెద్దదైనా అనుమానించాల్సిందే. ఈ లెక్కన క్యారమ్ పావులు కూడా పసిపిల్ల దగ్గర ఉండకూడనివే. బిళ్ల బ్యాటరీ అంతకన్నా ప్రమాదం. మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. బ్యాటరీ గది మూతకు స్క్రూ లేని బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా పక్కన పెట్టండి.

విసుగు దగ్గరికి వద్దాం. నాకు ఎక్కువ ఆసక్తి ఉన్నది ఇక్కడే. బొమ్మ ఎంత ఎక్కువ పని చేస్తే పిల్లలకు చేయడానికి అంత తక్కువ మిగులుతుంది. చిలుకే పాడితే పిల్ల వింటుంది. నాలుగుసార్లు వింటుంది, తరువాత పెద్దవాళ్లే విసుగెత్తి బ్యాటరీ తీసేస్తారు. అదే లక్కపిడతల్లో ఏమీ లేదు కాబట్టి అందులో ఒకరోజు పప్పు ఉడుకుతుంది, ఒకరోజు ఉగ్గాణి, ఒకరోజు ఇసుక. జర్మనీలో ఫ్రోబెల్ అనే విద్యావేత్త 1837లో చిన్నపిల్లల బడి మొదలుపెట్టినప్పుడు చేతికిచ్చినవి కర్ర గోళం, ఘనం, దిమ్మెలు. పెద్దయ్యాక అమెరికాలో గొప్ప వాస్తుశిల్పి అయిన ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఆ దిమ్మెల స్పర్శ జీవితమంతా తన వేళ్లలోనే ఉండిపోయిందని రాసుకున్నాడు. తరువాత బడుల్లో స్థిరపడిన దిమ్మెలకు ఒక కొలత ఉంది: మందానికి రెట్టింపు వెడల్పు, వెడల్పుకు రెట్టింపు పొడవు. రెండు సగాలు పేర్చితే ఒక నిండు దిమ్మె అవుతుంది. భిన్నాలు అనే మాట తెలియకముందే చేతికి అందుతాయి. పన్నెండు దిమ్మెలతో గోపురం లేస్తుంది కానీ ఇల్లు లేవదు. అయిదారుగురు బంధువులు తలా ఒక చిన్న బొమ్మ తెచ్చే బదులు, మాట్లాడుకుని అందరూ కలిసి అరవై దిమ్మెల పెట్టె ఒకటి ఇస్తే ఎంత బాగుంటుందో. మన పుట్టినరోజుల్లో అది కుదిరే పని కాదని నాకూ తెలుసు. పెట్టె సైజు చూసి ప్రేమను కొలిచే చోట ఎవరి పెట్టె వారిదే.

కాస్త పెద్ద పిల్లలకు స్క్రూలు, నట్లు, చిల్లుల పట్టీలు ఉండే మెకానిక్స్ లాంటివి ఇప్పటికీ మంచివే. ఒక నట్టు పోతే మరొకటి దొరుకుతుంది. ఖర్చే లేని దారి చూపినవాడు అరవింద్ గుప్తా. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలూ అగ్గిపుల్లలూ కలిపి ఆకారాలు కట్టడం బడిపిల్లలకు నేర్పాడు. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. త్రిభుజం కట్టి అదిమితే కదలదు, చతురస్రం కట్టి అదిమితే ఒరిగిపోతుంది. వంతెనల లోపల త్రిభుజాలే ఎందుకుంటాయో అగ్గిపుల్లల ఖర్చుతో తెలుస్తుంది.

ఆటల విషయంలో నా కొలబద్ద ఒకటే: ఒక ముక్క పోతే ఆట ఆగిపోతుందా? ముద్రించిన ప్రత్యేక చీట్లు, బొమ్మ నోట్లు ఉండే ఆటల్లో నాలుగు చీట్లు పోతే పెట్టె మొత్తం దండగ. క్యారమ్‌లో పావు పోతే పావులు విడిగా దొరుకుతాయి, అప్పటిదాకా అంగీ గుండీ పనికొస్తుంది. బోర్డు కొంటే పూర్తి కొలతదే కొనండి. ఆడే చదరం లోపలి కొలత 74 సెంటీమీటర్లు, పలక మందం కనీసం ఎనిమిది మిల్లీమీటర్లు. పిల్లల కోసమని చిన్నది కొంటే రెండేళ్లకు వాళ్లు దాన్ని దాటిపోతారు. గోడకు ఏటవాలుగా వదిలేస్తే పలక వంగుతుంది. మాది నిటారుగా ఉండటం వల్లే బతికింది, తెలివితో కాదు, అటక మీద చోటు లేక.

వామనగుంటలకు పద్నాలుగు గుంటలు, గుప్పెళ్ల కొద్దీ చింతపిక్కలు చాలు. పిక్కలు పోతే వంటింట్లో ఉన్నాయి. వైకుంఠపాళి అయిదారేళ్లవాళ్లకు అద్భుతం, పదేళ్లు దాటితే పందెం పడటం తప్ప చేసేది లేదని గ్రహిస్తారు. పులిజూదం అలా కాదు. మూడు పులులు, పదిహేను మేకలు. రెండు వైపులా బలం వేరు, ఎత్తు వేరు. పులిగా గెలిచినవాడు మేకగా ఓడిపోయి, ఎందుకు ఓడాడో మూడు రోజులు ఆలోచిస్తాడు. మన ఇళ్లలో దీనికి బోర్డు కూడా అక్కర్లేదు. కడప, తాడిపత్రి, బేతంచెర్ల నాపరాళ్లు పరిచిన నేల మీద సుద్దముక్కతో గీస్తే చాలు. ఆడటానికి ఎదురుగా ఒక మనిషి మాత్రం కావాలి. ఆటను బహుమతిగా ఇచ్చేవాళ్లు మొదటి ఆట తామే కూర్చుని ఆడితే ఆ పెట్టె రెండోసారి తెరుచుకునే అవకాశం ఎక్కువ.

రంగుల దగ్గర నా వాదన అంతా తలకిందులవుతుంది. రంగులు మన్నకూడదు, అయిపోవాలి. ఆరు నెలల తరువాత కూడా కొత్తగా ఉన్న రంగుల పెట్టె వాడని పెట్టె. ఇక్కడ చూడవలసింది అయిపోయినప్పుడు ఒక్కొక్కటి విడిగా దొరుకుతుందా అన్నది. నలభై ఎనిమిది స్కెచ్ పెన్నుల డబ్బా చూపుకు గొప్ప. మూత సరిగా పెట్టకపోతే మన పొడి గాలికి ఇట్టే ఎండిపోతాయి. దానికి బదులు పన్నెండు మంచి రంగులు ఇస్తే పసుపు, నీలం కలిస్తే ఆకుపచ్చ అవుతుందని పిల్లలే కనుక్కుంటారు. రంగు పెన్సిళ్లు కింద పడితే బయటికి బాగానే ఉంటాయి, లోపల ముల్లు ముక్కలై చెక్కిన ప్రతిసారీ ఊడుతుంది. గుడ్డ సంచిలో చుట్టి పెట్టుకునే అలవాటు చేయండి. మైనపు క్రేయాన్లు, ఆయిల్ పేస్టెళ్లు మే నెలలో కారులోనో మిద్దె గదిలోనో వదిలితే ముద్దవుతాయి. నీటిరంగుల్లో బిళ్లలు ట్యూబుల కన్నా నయం, ఎండినా తడిపితే లేస్తాయి.

అందరూ రంగుల మీద ఖర్చుపెట్టి కాగితాన్ని మరచిపోతారు. మామూలు నోటుబుక్కు కాగితం చదరపు మీటరుకు అరవై గ్రాముల లోపే. దాని మీద నీటిరంగు వేస్తే ముడుచుకుంటుంది, చిరుగుతుంది. పిల్ల తనకు బొమ్మలు వేయడం రాదనుకుంటుంది. తప్పు కాగితానిది. పెన్సిలుకు, పేస్టెళ్లకు నూట ఇరవై గ్రాములపైన, నీటిరంగులకు రెండు వందలపైన ఉండాలి. ఈ అంకె డ్రాయింగ్ పుస్తకం అట్ట మీద జీఎస్ఎం అని ఉంటుంది. ఒక మధ్యరకం రంగుల పెట్టె, ఒక మందపాటి కాగితాల పుస్తకం కలిపి ఇస్తే ఖరీదైన రంగుల పెట్టె కన్నా మంచి కానుక. గీసి పారేయడానికి ముద్రణాలయంలో కత్తిరించగా మిగిలే కాగితం అడగండి. ఇంకా చిన్నవాళ్లకు పలకా బలపం, లేదా సుద్దముక్కల డబ్బా. నల్లని కడప బండ కన్నా పెద్ద పలక ఎవరూ అమ్మరు. తడిగుడ్డతో తుడిస్తే రేపటికి మళ్లీ ఖాళీ. 2025 సెప్టెంబరు 22 నుంచి పెన్సిళ్లు, క్రేయాన్లు, పేస్టెళ్లు, సుద్దల మీద జీఎస్టీ పూర్తిగా ఎత్తేశారు. మామూలు బొమ్మలకు, క్యారమ్, చదరంగం వంటి వాటికి అయిదు శాతానికి తగ్గించారు. బిల్లులో ఒకసారి చూసుకోండి.

ఈ లెక్కలన్నీ వేసుకున్నాక మేనకోడలి నాలుగో పుట్టినరోజుకు దుకాణానికి వెళ్లలేదు. పాతూరులో తలుపులు చేసే వడ్రంగి దగ్గరికి వెళ్లి, మిగిలిన టేకు, వేప ముక్కల్లోంచి మూడున్నర సెంటీమీటర్ల మందం, ఏడు వెడల్పు, పద్నాలుగు పొడవున దిమ్మెలు కోసిమ్మన్నాను. కొన్ని సగానికి, కొన్ని రెట్టింపుకు. అంచులు గరుకు కాగితంతో రుద్ది గుండ్రం చేయమన్నాను. "రంగు ఏం వేయమంటారు అన్నా?" అన్నాడు. ఏమీ వద్దన్నాను. "పిల్లలకు రంగు లేకుండానా?" అని జాలిగా చూశాడు. బియ్యం సంచిలో వేసి ఇచ్చాను. రంగుల కాగితం చుట్టిన పెట్టెల మధ్య ఆ సంచి బాగా బీదగా కనబడింది. మా అక్క ఏమీ అనలేదు, అదే ఎక్కువ.

మొన్న వెళ్లినప్పుడు అరవైలో యాభై ఏడు లెక్క తేలాయి. ఒకటి వీధిలో పోయింది. ఒకటి తలుపు కింద ఆపుగా ఉంది. ఇంకొకటి ఊగుతున్న గ్రైండరు కాలు కింద మా అక్కే పెట్టింది. పిల్ల గ్రైండరు పక్కన కూర్చుని ఉంది. "మామా, పిండి రుబ్బడం అయిపోగానే అది తీసివ్వు. నా బస్టాండుకు గోడ తక్కువైంది" అంది.